అంచు మాడిన రొట్టె

విన్నిపెగ్
నవంబరు

డోర్కస్ అక్కా,

ఈ ఉత్తరాన్ని మన ఊరి ఆసుపత్రి నర్సమ్మ చేతికిచ్చి పంపుతున్నాను. సరస్సు గడ్డకట్టక ముందు అక్కడ దిగే ఆఖరి విమానం ఆవిడ ఎక్కేదేనట. ఫోన్ చేద్దామంటే ఊరంతటికీ నమ్మకంగా పనిచేసే ఫోను మన తెగ పెద్దలు కూర్చునే బ్యాండ్ ఆఫీసులోదే. నువ్వు అక్కడ నిలబడి "ఆఁ, చెప్పు" అనేలోపు చుట్టూ పదిమంది చెవులు రిక్కిస్తారు. ఈ సంగతి నువ్వు అలా వినకూడదు. బావ పక్కన ఉన్నప్పుడే మిగతాది చదువు.

సీసీప్ ఇంటికి రాలేదక్కా. అక్టోబరులో, కృతజ్ఞతల పండగకి ముందు గురువారం పొద్దున, నర్సు పని నేర్పే బడికని బస్సెక్కింది. మళ్ళీ రాలేదు. మీరిద్దరూ బాతుల వేటకని అడవిలోకి వెళ్ళిపోయారు, ఎవరితో కబురు పంపాలో తోచలేదు. మీరు ఊళ్ళోకి దిగారని నిన్ననే నర్సమ్మ చెప్పింది. ఇన్నాళ్ళూ ఒక్కదాన్నే ఇది కడుపులో పెట్టుకుని తిరిగాను.

దాని స్నేహితురాళ్ళ ఇళ్ళన్నీ చూశాను. ఆసుపత్రులన్నీ చూశాను. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే బల్ల వెనక కూర్చున్నాయన నా ముఖమైనా చూడలేదు. ఇరవై రెండేళ్ళ పిల్ల కదా, ఎక్కడో తాగి పడి ఉంటుంది, డబ్బులైపోతే అదే వస్తుంది అన్నాడు. అది తాగదని చెప్పాను. అందరూ అదే అంటారన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మీరేమవుతారని అడిగాడు. పిన్నినన్నాను. "అయితే తల్లిని రమ్మనండి" అని కాగితం పక్కన పెట్టేశాడు.

దాని మంచి ఫోటో ఒకటి పంపించు. జుట్టు ముఖం మీద పడకుండా, చెవులు కనపడేది అయితే మేలు. చూసినవాళ్ళు గుర్తుపట్టాలి కదా. ఆ రోజు ఆకుపచ్చ కోటు వేసుకుంది. కాళ్ళకి బూట్లే, నువ్వు కుట్టిచ్చిన తోలు మొకాసిన్లు ఇంట్లోనే ఉన్నాయి.

బయల్దేరే ముందు రోజు బానక్ రొట్టె చెయ్యమంది. చేశాను. ఇక్కడి పొయ్యి మీద అంచు మాడదు పిన్నీ, అమ్మ చేసినట్టు లేదు అని గొణుక్కుంటూనే తినేసింది.

వెర్నా


వాపుస్ లేక్
డిసెంబరు

వెర్నా,

నీ ఉత్తరం చదివి మీ బావ పొయ్యి ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. నేను మాత్రం లేచి గిన్నెలు తోమాను. కడిగి బోర్లించినవి కూడా మళ్ళీ తోమాను.

నిన్ను తిడుతూ ఒక ఉత్తరం రాసి పొయ్యిలో వేశాను. మళ్ళీ రాశాను, అదీ వేశాను. నీ దగ్గరుంటుందన్న ధైర్యంతోనే కదే పిల్లని ఆ ఊరికి పంపాను. ఇంకెవరింటికైనా పంపి ఉండేదాన్నా? సరే. తిట్టను. తిడితే నువ్వు ఏడుస్తూ కూర్చుంటావు, నువ్వు కూర్చుంటే దాన్ని వెతికేవాళ్ళు లేరు.

ఇదిగో ఫోటో. చెవులు కనపడేది ఇదొక్కటే దొరికింది. పోయిన వేసవిలో చేపలు కడుగుతుంటే మీ బావ తీశాడు. నీ చేట చెవుల్ని వెక్కిరించి తనివి తీరక దాని చెవుల మీద కూడా పడ్డాడు కదా ఆయన, అందుకే అది ఎప్పుడూ జుట్టు కప్పుకుని తిరిగేది. ఇప్పుడు ఆ మాటే తల్చుకుని బాధపడుతున్నాడు. ఊరికే అన్నాను, దానికి కోపం వచ్చిందంటావా అని నన్నడుగుతాడు.

ఆ పోలీసాయనకి చెప్పు, తల్లి ఉంది, గడ్డకట్టిన సరస్సుల మీద మంచు రోడ్డు పడగానే వస్తుందని. తల్లి వచ్చాక ఆయన కూర్చున్న కుర్చీ ఎలా కదులుతుందో చూద్దాం.

ఒక్క సంగతి నువ్వు రాయలేదు. బస్సెక్కే ముందు అది నీతో ఏమంది? ఏదో ఒకటి అనకుండా వెళ్ళే పిల్ల కాదు. పడుకునే ముందు కూడా దుప్పట్లోంచి ఇంకో మాట అనేది. నాకు ఆ ఆఖరి మాట కావాలి. గుర్తు చేసుకుని రాయి.

డోర్కస్


విన్నిపెగ్
జనవరి

అక్కా,

ఫోటో చేరింది. పెద్దది చేయించి బస్సు స్టాపుల్లో, దుకాణాల్లో, చర్చి గుమ్మాల్లో అంటించాను. నేను అంటించడం, ఎవరో దాని మీద సామాన్ల అమ్మకం కాగితం అంటించడం. మళ్ళీ వెళ్ళి నేను అంటించడం. ఆ చలిలో జిగురు కూడా పట్టదు.

రోజ్‌మేరీ అనే ఆవిడతో పరిచయమైంది. ఆమె కూతురు కనపడక చాలా ఏళ్ళయిందట. ఇంకా వెతుకుతూనే ఉంది. ఆదివారాలు చర్చి అయ్యాక ఇలాంటి తల్లులు, అక్కచెల్లెళ్ళు కలిసి నది గట్టు వెంట నడుస్తారు. నేనూ వెళ్తున్నాను. మొదటి రోజు రోజ్‌మేరీ తన ఫ్లాస్కులో టీ పోసిచ్చి, "పొద్దున్న ఏమైనా తిన్నావా? తినకుండా వెతికితే కాళ్ళు మోసం చేస్తాయి" అంది. ఆ మాటకే ఏడుపొచ్చింది. పోలీసుల్లో ఒక్కరైనా నన్ను తిన్నావా అని అడగలేదక్కా.

పోలీసులు మారారు. కొత్తగా ఒక పొడుగాటాయన వచ్చాడు, కాస్త మర్యాదగానే మాట్లాడుతున్నాడు. కానీ ఇన్నాళ్ళ తర్వాత బస్సు డ్రైవరుని అడిగితే అతనికేం గుర్తుంటుంది? మూడు నెలల కిందట అడగాల్సింది. బడి దగ్గర దిగిందని మాత్రం ఒకమ్మాయి చెప్పింది. సాయంత్రం దాని పక్కన ఎవరిదో కారు ఆగిందంటుంది ఇంకొకామె. రంగు ఒకసారి తెలుపంటుంది, ఒకసారి బూడిదంటుంది.

ఆఖరి మాట అడిగావు. ఏముంటుంది, వెళ్ళొస్తా పిన్నీ అంది. అంతే.

బావ తుంటి ఎముక విరిగిందని కబురొచ్చింది. మంచు మీద వల వేస్తుంటే జారాడటగా. ఇక నువ్వు రాలేవు. రావద్దులే, నేనున్నాను. మరదలు అడిగిందని చెప్పు. ఈ వయసులో మంచు మీద గంతులెందుకని తిట్టిందని కూడా చెప్పు.

వెర్నా


వాపుస్ లేక్
మార్చి

వెర్నా,

మీ బావకి నీ తిట్లు చదివి వినిపించాను. చాలా రోజులకి నవ్వాడు. మంచం మీదనుంచే హుకుములు జారీ చేస్తున్నాడు. లేచి నడిస్తే నా ప్రాణానికి సుఖం.

మంచు రోడ్డు మీద లారీ వస్తుంటే నీకు మూస్ దుప్పి మాంసం, ఎండబెట్టిన చేప పంపాను. రోజ్‌మేరీకి కూడా పెట్టు. ఆవిడ కూతురి పేరేంటో రాయి, నా కూతురి పేరుతో పాటు ఆ పేరూ చెప్పుకుంటాను.

పోయిన వారం చర్చి ఆయన ఇంటికొచ్చాడు. సీసీప్‌ని చర్చి పేరుతో పిలుస్తూ, కొరీన్ ఆత్మశాంతికి ప్రార్థన పెట్టిద్దామా అని నెమ్మదిగా అడిగాడు. టీ ఇచ్చాను, తాగాడు. ఆ తర్వాత వాకిట్లోకి తీసుకెళ్ళి ఆయన టోపీ ఆయన నెత్తిన పెట్టి పంపించేశాను. బతికున్న పిల్లకి ఆత్మశాంతి ఏమిటి? మన పెద్దావిడ జెమైమా కూడా అంతే. శీతాకాలం విందులో పోయినవాళ్ళ పళ్ళెం వడ్డిస్తూ, దీని పేరు మీద కూడా ఒక ముక్క పెట్టనా అంటుంది. పెట్టావంటే పళ్ళెం నీ చేతిలో ఉండదన్నాను. అందరూ చూస్తుండగానే అన్నాను. ఆ పళ్ళెం మంటకి అందించామంటే పోయిందని ఒప్పుకున్నట్టే కదా. నేను ఒప్పుకోను.

దానికి కొత్త మొకాసిన్లు కుడుతున్నాను. ఎర్ర పూలు, నీలం తీగ. ఒక కాలిది అయిపోయింది.

వెళ్ళొస్తా పిన్నీ అందని రాశావు. అది ఎవరైనా అంటారు. నా కూతురు అంతకంటే ఎక్కువే అని ఉంటుంది. దాస్తున్నావు. నీ చిన్నప్పటినుంచీ చూస్తున్నాను, నువ్వు దాచేటప్పుడు మాటలు పొట్టిగా అవుతాయి.

డోర్కస్


విన్నిపెగ్
మే

అక్కా,

ముందే చెప్తున్నాను, ఇది చదివి కంగారు పడకు. నదిలో మంచు కరిగాక, ఊరికి దిగువన ఒక అమ్మాయి దొరికింది. బతికి లేదు. చాలాకాలం నీళ్ళలో ఉండడం వల్ల ఎవరో పోల్చుకోలేరట. ఒంటి మీద కోటూ లేదు, ఏమీ లేదు. వయసు మాత్రం పాతికలోపు అంటున్నారు.

మా ఆదివారం గుంపులో ఆ వయసు పిల్లల తల్లులందరి దగ్గరా డీఎన్ఏ పరీక్షకి బుగ్గ లోపల దూది రుద్ది తీసుకుంటున్నారు. ఆ దూదిని బట్టి ఎవరి బిడ్డో తెలుస్తుందట. పొడుగు పోలీసాయన నీ దగ్గరికీ వస్తానన్నాడు. తల్లిది కావాలన్నాడు.

నేను ఏమీ అనలేదు. ఆయన వచ్చినప్పుడు నువ్వు ఇచ్చెయ్. అది సీసీప్ కాదు. మన సీసీప్‌కి ఈత వచ్చు, బాతుపిల్లలా నీళ్ళలోనే పెరిగిందని కదా అమ్మ దానికి ఆ ముద్దుపేరు పెట్టింది.

నేను రాస్తున్నది నాకే పిచ్చిగా ఉంది. ఉంటాను.

వెర్నా


వాపుస్ లేక్
జూలై

నా బంగారు చెల్లీ,

అది కాదు! మన పిల్ల కాదు!

జూన్‌లో ఆ పొడుగాయన విమానంలో వచ్చాడు. నర్సమ్మ గదిలో కూర్చోబెట్టాడు. "కొరీన్ తల్లి మీరేనా?" అన్నాడు. నేనే అన్నాను. నర్సమ్మ బుగ్గలో దూది పెట్టి రుద్దింది, గొట్టంలో వేసి మూత పెట్టింది. అంతే, పని అయిపోయింది. అప్పటినుంచీ నాకు అన్నం లేదు, నిద్ర లేదు. నిన్న బ్యాండ్ ఆఫీసుకి పిలిచారు. ఫోన్‌లో ఆయనే. నదిలో దొరికిన అమ్మాయి మీ బిడ్డ కాదమ్మా, పరీక్షలో తేలిపోయింది అన్నాడు. నేను అక్కడే కింద కూర్చుండిపోయాను. చుట్టూ చెవులు రిక్కించుకుని ఉన్నవాళ్ళంతా ఏడ్చారు. ఈసారికి వాళ్ళని ఏమీ అనలేదు.

మీ బావ కర్ర ఊతంతో పడవ దాకా నడిచాడు. ఎక్కడో ఉంది, తిరిగొస్తుంది, ఎవరి మీదో అలిగి ఉంటుంది అంటాడు. వస్తే నాలుగు తన్నాకే అన్నం పెడతానన్నాను. ముందు అన్నం పెట్టు, తర్వాత తన్నుదువుగాని అన్నాడు. నిన్న రాత్రి ఇల్లంతా నవ్వాం వెర్నా. పాపం, ఆ అమ్మాయి తల్లెవరో అనిపించింది. అయినా నవ్వాం.

ఆకులు రాలే ముందు ఊరందరికీ విందు పెడతానని మొక్కుకున్నాను. నువ్వు రావాలి. రెండో మొకాసిన్ కూడా మొదలుపెట్టాను.

నీ అక్క


విన్నిపెగ్
ఆగస్టు

అక్కా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి కూర్చోవడం, లేవడం. నువ్వు అన్నట్టే, దాచేటప్పుడు నా మాటలు పొట్టివవుతాయి. అందుకని ఈసారి పొడుగ్గానే రాస్తాను.

గుంపులో తల్లులందరి పరీక్షలూ అయిపోయాయి. ఎవరితోనూ కలవలేదు. ఒక్కొక్కరూ దేవుడికి దండం పెట్టుకుని ఇంటికెళ్ళారు. రోజ్‌మేరీ మాత్రం వెళ్ళలేదు. "మరి ఆ పిల్ల ఎవరి పిల్ల వెర్నా? దాన్ని వెతికేవాళ్ళే లేరా?" అని నన్నడిగింది. 

డోర్కసక్కా, నీ దూది సరిపోకపోవడంలో వింత ఏముంది? అది నిన్ను అడిగినవాడికి తెలియదు. నువ్వు తల్లివే, తల్లివా అంటే అవుననే అంటావు, నేనయినా అదే అనేదాన్ని. కానీ ఆ గొట్టానికి మన పద్ధతులు తెలియవు కదా. దానికి కావలసింది నా బుగ్గలో ఉంది.

ఇరవై రెండేళ్ళుగా ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు. అనవలసి వస్తుందని అనుకోలేదు. నన్ను వెళ్ళి ఇవ్వమంటావా?

వెర్నా


వాపుస్ లేక్
ఆగస్టు

వెర్నా,

వద్దు.

అప్పటికి నేను కన్న బిడ్డని మట్టిలో పెట్టి వచ్చి ఇంకా వారం కాలేదు. రొమ్ముల్లో పాలు గడ్డకట్టి జ్వరంతో పడున్నాను. అమ్మ సీసీప్‌ని నీ చేతుల్లోంచి తీసుకుని నా ఒళ్ళో పెట్టింది. "ఇది డోర్కస్ కూతురు" అంది. నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. అది నోరు తెరిచి నా రొమ్ము పట్టుకుంది. ఆ రోజునుంచి ఈ ఊళ్ళో పసిపిల్లలు, ముసలివాళ్ళు, నోటికి తాళం లేని జెమైమాతో సహా ఒక్కరంటే ఒక్కరు అది నా బిడ్డ కాదనలేదు. ఇవాళ నువ్వంటున్నావు.

ఆ గొట్టానికి మన పద్ధతి తెలియదన్నావు. నీకు తెలుసు కదా. ఇప్పుడు నువ్వెళ్ళి నోరు తెరిస్తే నా పిల్ల చచ్చిపోతుంది. నువ్వు తెరవనంతకాలం అది ఎక్కడో ఒకచోట ఉంటుంది.

మన మధ్య ఈ మాట మళ్ళీ రాకూడదు.

డోర్కస్


విన్నిపెగ్
సెప్టెంబరు

అక్కా,

నేను వెళ్ళలేదు. వెళ్ళను కూడా. ఇచ్చేశాక మళ్ళీ చెయ్యి చాపే మనుషులం కాదు మనం. నువ్వు వెళ్ళమంటేనే వెళ్తాను. నువ్వు ఎప్పటికీ అనకపోతే ఎప్పటికీ వెళ్ళను. నా బుగ్గ నాదే గానీ బిడ్డ నీది.

అప్పుడు గోడవైపు ఎందుకు తిరిగానో తెలుసా? నీ ముఖంలో సంతోషం చూస్తే నాకు ఏడుపొస్తుందని. నా ఏడుపు చూస్తే నువ్వు దాన్ని తిరిగిచ్చేస్తావని.

విందుకి రాలేను. ఆదివారాలు నడుస్తున్నాను. ఇప్పుడు నడుస్తుంటే ఎవరికోసం నడుస్తున్నానో తెలియడం లేదు. రోజ్‌మేరీ పక్కన నడవాలంటే సిగ్గేస్తోంది. ఆవిడ ఏ వార్తకైనా సిద్ధంగా ఉంది, నేను చేతిలో ఉన్న వార్తని మడిచి పెట్టుకుని తిరుగుతున్నాను.

వెర్నా


వాపుస్ లేక్
సెప్టెంబరు చివర

వెర్నా,

నిన్న విందు జరిగింది. ఊరంతా వచ్చారు. మీ బావ మూస్ కొట్టలేకపోయినా ఆయన తమ్ముళ్ళు కొట్టి తెచ్చారు. నేను పొద్దున్నుంచీ బానక్ కాలుస్తూనే ఉన్నాను.

అందరూ తింటున్నారు. జెమైమా పోయినవాళ్ళ పళ్ళెం పట్టుకుని నా ముందుకొచ్చింది. నేను ముఖం ముడుచుకున్నాను. "నీ పిల్లకి కాదులే, భయపడకు" అంది. "ఆ నదిలో దొరికిన పిల్ల ఉంది కదా, ఏ తల్లి కన్నదో. మంచు కరిగినప్పటినుంచీ ఆ శవాల పెట్టెలో చల్లగా పడుకుని ఉంది. దానికి ఎవరైనా ఇంత ముద్ద పెట్టారా? నీ బిడ్డ కాదని తేలి సంతోషంగా ఉన్నదానివి, నువ్వు పెట్టు" అంది.

ఆ మాట నాకు సబబుగా తోచింది. పళ్ళెం అందుకున్నాను. మాంసం పెట్టాను, చేప పెట్టాను, బెర్రీలు పెట్టాను. బానక్ గంపలో చెయ్యి పెట్టాను. పైన మెత్తని ముక్కలు ఎన్నో ఉన్నాయి. నా చెయ్యి వాటన్నిటినీ పక్కకి తోసి అడుగుదాకా వెళ్ళింది. అంచు మాడిన ముక్క వెతికి తీసింది. పళ్ళెంలో పెట్టాక చూసుకున్నాను.

ఎవరో ముక్కూ ముఖం తెలియని పిల్లకి మాడిన ముక్క ఎవరు పెడతారు వెర్నా? ఇంకొకరికైతే నాలుగు మంచివి ఏరి పెట్టేదాన్ని. నా చేతికి తెలిసిపోయింది. జూలైలోనే తెలుసు, ఆగస్టులోనూ తెలుసు, నేనే దాని నోరు నొక్కిపెట్టాను. అందరిలోనూ అలా పళ్ళెం పట్టుకుని నిలబడిపోయాను. మీ బావ కర్ర పారేసి వచ్చి నా చేతుల కింద చేతులు పెట్టాడు. ఇద్దరం కలిసి మంటకి అందించాం. పేరు మాత్రం చెప్పలేదు. నువ్వు చెప్పే దాకా చెప్పను.

ఏడాదిగా నా పిల్లని ఆకలితో ఉంచాను. బతికుందని మొండికేసి కూర్చుని, ఒక్క ముద్ద పెట్టనివ్వలేదు.

వెళ్ళు. రేపే వెళ్ళి ఇచ్చెయ్. దాన్ని ఇంటికి తీసుకురా.

డోర్కస్


విన్నిపెగ్
అక్టోబరు

అక్కా,

మన సీసీపే.

వెంటనే ఫోన్ చేయించాను గానీ, నువ్వు ఫోన్ దగ్గరికి రాకుండానే "తెలుసని చెప్పు" అన్నావట. అందుకే మిగతాది రాస్తున్నాను. శనివారం విమానంలో తీసుకొస్తున్నాను. ఈ ఉత్తరం బుధవారం విమానంలో ముందు చేరుతుంది.

పొడుగాయనకి కోపం వచ్చింది. మీ అక్క తల్లినని ఎందుకు అబద్ధం చెప్పింది, వేసవంతా పాడైపోయింది అన్నాడు. పోయిన ఏడాది మీవాళ్ళు పాడుచేసిన నెలలు ఎవరి లెక్కలో వెయ్యాలని అడిగాను. "మా అక్క అబద్ధం ఆడలేదు. తల్లివా అని అడిగారు, తల్లి కాబట్టి అవునంది. కన్నావా అని మీరు అడగలేదు" అన్నాను.  తర్వాత కుర్చీ జరిపి కూర్చోమన్నాడు, ఈసారి మర్యాదగా.

ఎవరు చేశారో తెలియదక్కా. నీళ్ళు అంతా కడిగేశాయట. బహుశా ఎప్పటికీ తెలియకపోవచ్చు అన్నాడు. నేనైతే ఆ కారు సంగతి వదలను. తెలుపో బూడిదో, ఎవరిదో ఒకరిది.

నువ్వు కుట్టిన మొకాసిన్లు రెండూ అయ్యాయా? పాతవి నేను తెస్తున్నాను. ఏవి తొడగాలో నువ్వే చెప్పు.

వెర్నా


వాపుస్ లేక్
బుధవారం

వెర్నా,

ఈ చీటీ విమానం నడిపే అబ్బాయి నీ చేతికే ఇస్తాడు.

మొకాసిన్లు రెండూ అయ్యాయి. కొత్తవే తొడుగుదాం.

మొన్న ఆదివారం చర్చిలో లేచి నిలబడి అందరికీ చెప్పేశాను, దాన్ని కన్నది నువ్వని. వాళ్ళందరికీ తెలిసిందే. అయినా నా నోటితో చెప్పాను. కాబట్టి నువ్వు సిగ్గుపడక్కర్లేదు. దాని పెట్టెకి తలవైపు పీట వేయించాను. బిడ్డ పోతే తన జడ కోసి బిడ్డ పక్కన పెట్టేది తల్లి. ఆ చోటు నీది. నీకు రావలసింది పద్ధతి పేరుతో నేను ఇన్నేళ్ళు అనుభవించాను, ఇది కూడా లాక్కోను. నేను కాళ్ళవైపు ఉంటాను, అది చాలు.

వెచ్చటి బట్టలు వేసుకుని రా. గాలి తిరిగింది.

డోర్కస్


విన్నిపెగ్
నవంబరు

అక్కా,

క్షేమంగా చేరాను. ఇల్లు చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. అద్దం ముందుకి వెళ్ళినప్పుడల్లా నా తల చూసి నాకే కొత్తగా ఉంటోంది. కత్తిరించిన జుట్టులోంచి చెవులు రెండూ పొడుచుకొచ్చాయి. బావ చూసి కూడా ఏమీ అనలేదు, పాపం. ఈసారి వచ్చినప్పుడు వెక్కిరించమను. నేను ఏమీ అనుకోను.

ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నీతో ఈ మాట అనలేకపోయాను. తలవైపు పీట దగ్గర నువ్వు నా భుజాలు పట్టి కూర్చోబెట్టావు. నేను లేచి నిన్ను కూర్చోబెట్టాను. మళ్ళీ నువ్వు నన్ను. జెమైమా విసుక్కుని, "పిల్ల ఎదురు చూస్తోంది, ఇద్దరూ కూర్చోండే" అని అరవకపోతే సాయంత్రం దాకా అలాగే ఉండేవాళ్ళమేమో. నీ జడ నేను కోశాను. నా జడ నువ్వు కోశావు. రెండు జడలూ కలిపి నువ్వు దాని పక్కన పెట్టినప్పుడు, ఏది ఎవరిదో నాకు తెలియలేదు. ఇద్దరివీ నెరిసిపోయాయి కదా.

రోజ్‌మేరీకి అన్నీ చెప్పాను. ఆవిడ మళ్ళీ ఫ్లాస్కులో టీ పోసిచ్చింది. ఆదివారం మళ్ళీ నడిచాం, ఇప్పుడు ఆవిడ కూతురి కోసం. నువ్వు అడిగిన పేరు చెప్పడం మర్చిపోయాను, ఆ పిల్ల పేరు ఆలిస్.

ఇక నువ్వు ఏడాదిగా అడుగుతున్నది. నేను దాచినది. చెప్తే, కన్నది నేనని దానికి తెలుసని నీకు తెలిసిపోతుందని, తెలిస్తే నీ గుండె పగులుతుందని దాచాను. ఎవరు చెప్పారో, ఎప్పటినుంచి తెలుసో నాకు తెలియదు. నన్ను ఏమీ అడగలేదు, ఒక్క రోజు కూడా పిన్నీ అనడం మానలేదు. నీకు రావలసిన మాట ఇది. ఇన్నాళ్ళూ నా దగ్గర పెట్టుకున్నాను, ఇప్పుడు ఇచ్చేస్తున్నాను.

ఆ గురువారం బస్సు స్టాపు దాకా దానితో వెళ్ళాను. సాయంత్రాలు త్వరగా చీకటి పడుతోంది, ఒంటరిగా నడవకు, ఎవరైనా తోడుంటేనే రా అని చెప్పాను. రోజూ చెప్పేదే. బస్సు వచ్చింది. అది మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగింది. జుట్టు రెండు చేతులతో చెవుల వెనక్కి తోసుకుంది. నడివీధిలో, అందరూ చూస్తుండగా.

"నాకు ఇద్దరమ్మలు పిన్నీ, నాకేం భయం" అంది. నవ్వి లోపలికి వెళ్ళిపోయింది.

నీ చెల్లెలు
వెర్నా